మిద్దె మీది సాక్ష్యము

పెనుకొండలో ఎండకాలము గడిపినవారికి మిద్దె విలువ తెలియును. పగలెల్ల కొండబండలు కాగి, ఆ వేడి అర్ధరాత్రిదాక ఊరిమీదికి దిగుచునే యుండును. రాతిగోడల యిండ్లలో కన్ను మూతపడదు. అందుచేత మా వీథి స్త్రీలందరము భోజనములు కాగానే చాపలు, దిండ్లు, నీళ్ల చెంబు పట్టుకొని మిద్దె యెక్కుదుము. కొన్నేండ్ల క్రిందట వైశాఖమాసములో నట్లు పండుకొన్నందులకు తోడికోడండ్ర మిరువురము న్యాయస్థానమున బోనెక్కవలసి వచ్చినది. సోదరీమణులలో ననేకులు సాక్ష్యమనునది మగవారి వ్యవహారమనియు, వకీళ్ల విద్య యనియు తలచుచుందురు. మేమును అట్లే తలచితిమి.

ఆ రాత్రి కరెంటు పోయి యుండెను. నడిరేయి దాటిన పిదప పొరుగింటి పెరటిలో నేదియో పడిన చప్పుడైనది. మాలో చిన్నది ముందు లేచి పెద్దదానిని తట్టి లేపెను. పిట్టగోడ దగ్గరకు పోయి క్రిందికి చూచితిమి. ఒక మనుష్యుడు పెరటిగోడ యెక్కి, అర నిమిషము కూర్చుండి, సందులోనికి దుమికి పరుగెత్తెను. మేము కేకలు వేసితిమి. ఇరుగు పొరుగువారు లేచునప్పటికి సందు ఖాళీగా నున్నది. పొరుగింటి వదినగారి బీరువాలోని రెండు పేటల గొలుసును, కొంత రొక్కమును పోయినవి. మేము కన్నులార చూచినది ఇంతమాత్రమే. తరువాత నోటితో చెప్పినది దీనికి పదిరెట్లు.

తెల్లవారి పోలీసులు వచ్చులోపలనే ఒక చిత్రము జరిగినది. వదినగారు ఏడ్చుచునే, అలవాటు చొప్పున, ఇల్లంతయు చిమ్మి, బీరువా తలుపును తడిగుడ్డతో తుడిచి, పెరటిలో కళ్లాపి చల్లి ముగ్గుకూడ వేసిరి. పదిమంది వచ్చునప్పుడు ఇల్లు శుభ్రముగా నుండవలదా యని ఆమె తలంపు. మేమైనను అట్లే చేసియుందుము. వ్రేలిముద్రలు తీయవచ్చిన యుద్యోగి బీరువా తలుపును వెలుతురునకు త్రిప్పి చూచి, పెదవి విరిచి, పెట్టె మూసికొనెను. వ్రేలిముద్రలను బట్టి మనుష్యుని గుర్తించు కార్యాలయము 1897లో కలకత్తాలో వెలసినది. ఆ పద్ధతికి రూపు దిద్దిన వారిలో అజీజుల్ హక్కు, హేమచంద్ర బోసు అను ఇద్దరు మనదేశపు ఉద్యోగులే. అంతటి విద్య మా వీథిలో ఒక తడిగుడ్డకు ఓడిపోయినది. అడుగుజాడలు కళ్లాపితో పోయినవి. ఇంటిలో దొంగతనము జరిగినచో ఆ గదికి తాళము వేసి, దేనిని ముట్టక, ముగ్గు సంగతి మరునాటికి వాయిదా వేయవలెనని అప్పుడు గ్రహించితిమి.

ఇక మిగిలినది మా కన్నులు మాత్రమే.

పేరెట్లు పుట్టినదో చెప్పవలెను. ఇదియే మా తప్పు గనుక దాచము. ఉదయము కుళాయి దగ్గర స్త్రీలు మా చుట్టు మూగి, "ఎట్లుండినాడు? ఎవరి మాదిరి యుండినాడు?" అని యడిగిరి. పొరుగింటివారి కొట్టములో శెనక్కాయల మూటలు మోయు కుర్రవాడొకడుండెను. తండ్రి లేడు; తల్లి కూలికి పోవును. అంతకు ముందొకసారి యెవరి యింటనో ఇత్తడిచెంబు తీసి పట్టుబడినాడు. ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చినదో ఇప్పటికిని జ్ఞాపకము లేదు. మాలో పెద్దది, "నడక అతని నడకవలె నున్నది" అనెను. చిన్నది ఔనని తల యూపెను. మధ్యాహ్నమునకు ఆ "వలె" జారిపోయినది. సాయంకాలము పోలీసు అధికారి మా యింటికే వచ్చి యడిగినప్పుడు, "అతడే, వెన్నెలలో గుర్తుపట్టితిమి" అని యిరువురము ఒకే మాటగా చెప్పితిమి. చెప్పినప్పుడు అబద్ధమాడుచున్నామని మాకు తోచలేదు. పగలెల్ల పదిమందికి చెప్పి చెప్పి ఆ చీకటిలోని మనుష్యునకు మేమే ఒక ముఖము తగిలించితిమి. సాయంకాలమునకు ఆ ముఖమే మాకు జ్ఞాపకముగా నిలిచినది.

ఇచ్చట స్త్రీలకు పనికివచ్చు మాట యొకటి. నేరపరిశోధనలో సాక్షిగా ప్రశ్నింపవలసి వచ్చినప్పుడు స్త్రీని ఆమె నివసించుచోటనే ప్రశ్నింపవలెను గాని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. ఆమె చెప్పినది వ్రాసికొన్న కాగితముమీద ఆమెచేత చేవ్రాలు పెట్టించుకొనరాదు. పాత క్రిమినలు ప్రొసీజరు కోడులోను ఇట్లే యుండెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను ఇట్లే యున్నది.

కుర్రవానిని పట్టుకొని పోయిరి. కొన్ని వారములకు జామీను మీద వచ్చెను గాని కొట్టములో మరల పని దొరకలేదు. అతని తల్లి మా వాకిటి ముందునుండి పోవునప్పుడు తలయెత్తి చూచెడిది కాదు. మేమును చూచెడివారము కాము.

దాదాపు సంవత్సరమునకు మాకు సమన్లు వచ్చినవి. ఆ వారమున మా పెదమామగారు ఊరినుండి వచ్చియుండిరి. ఆయన ముప్పదియేండ్లు న్యాయస్థానములలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. సమను చదివి, కండ్లద్దములు తీసి తుడుచుకొని, "అమ్మా, మీ రిద్దరును వేరు వేరు గదులలో కూర్చుండి, ఆ రాత్రి చూచినది ఒక్కొక్క కాగితముమీద వ్రాసి తెండు. ఒకరి నొకరు అడుగరాదు" అనిరి. మాకు నవ్వు వచ్చినది. చిన్నపిల్లలకు పరీక్ష పెట్టినట్లున్నదని అనుకొనుచునే వ్రాసితిమి.

రెండు కాగితములు ప్రక్క ప్రక్కన పెట్టి ఆయన బిగ్గరగా చదివిరి. పెద్దదాని కాగితములో వానికి తలగుడ్డ యున్నది, ఒంటిమీద చొక్కా లేదు, చంకలో మూట యున్నది. చిన్నదాని కాగితములో వట్టి తల, నల్ల చొక్కా, చేతులు ఖాళీ. రెండింటను సమానముగా నున్నవి మూడు: గోడ, పరుగు, వెన్నెల.

"సరే, వెన్నెలయైన కలిసినది. ఆనాడు తిథి యేమి?" అని యడిగిరి.

మాలో పెద్దదానికి ఏకాదశి యుపవాసము కలదు. ఆ రేయికి ముందునాడు ఉపవాసముండి, ఉదయము ద్వాదశి పారణ చేసి, ఆ రాత్రి కడుపునిండ తిని పండుకొన్నట్లు ఆమెకు స్పష్టముగా జ్ఞాపకమున్నది. అది బహుళపక్షము. పెదమామగారు పంచాంగము తెప్పింపలేదు. వ్రేళ్లమీదనే లెక్క వేసి, "బహుళ ద్వాదశినాడు చంద్రుడు తెల్లవారుజామున గాని రాడు గదా, అమ్మా" అనిరి. మేము ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. ఏండ్ల తరబడి ఆకాశము క్రింద పండుకొన్నవారము, లేని వెన్నెలను కన్నులార చూచితిమి!

అమెరికాలో అబ్రహాము లింకను వకీలుగా నున్న కాలమున, 1858లో, ఇట్టిదే జరిగినదని ఆయన చెప్పిరి. ఒక హత్యాభియోగములో సాక్షి, దూరమునుండి వెన్నెల వెలుగున దెబ్బ కొట్టుట చూచితి ననెను. లింకను పంచాంగమును సభలో తెరిచి, ఆ వేళకు చంద్రుడు అస్తమించుటకు సిద్ధముగా నున్నాడని చూపెను. ముద్దాయి విడుదలయ్యెను. ఆ సాక్షియు మావలెనే తాను నిజము చెప్పుచున్నానని నమ్మి యుండవచ్చును.

ఆ రాత్రి వంటింటి పని యయిన పిదప చాలసేపు ఆయన నడుగుచు కూర్చుంటిమి. చిన్నది పట్టు విడువలేదు. "మామగారూ, మేము ముఖము చూడకున్న నేమి? వాడు తెల్లవారుజామున మూటతో పోవుచుండగా పాలవాడు చూచినాడని వదినగారి పనిమనిషి చెప్పినది. అది చెప్పవచ్చును గదా?" అని యడిగెను.

"చెప్పరాదు. పాలవాడు చూచియుండిన పాలవాడు రావలెను. ప్రమాణము చేయవలెను. ఎంత దూరమున నుంటివి, ఏ దీపము వెలుగుచున్నది అని ఎదుటి వకీలు వానిని అడుగవలెను. పనిమనిషి నడిగిన ఆమెకేమి తెలియును? మిమ్ము నడిగిన మీకేమి తెలియును? కన్నులతో చూచినది చూచినవాడే, చెవులతో విన్నది విన్నవాడే చెప్పవలెను" అనిరి. వినికిడి సాక్ష్యము పనికిరాదనుటలోని అంతరార్థ మిదియే. చెప్పిన మాటను నిలదీయుటకు ఆ చెప్పినవాడు ఎదుట నుండవలెను.

"చచ్చిపోయినవాడు చెప్పియుండిన?" అని చిన్నది.

పెదమామగారు నవ్వి, "అది మన తెలుగువారి కేసే. లండను దాక పోయినది" అని పకాల నారాయణస్వామి కేసు చెప్పిరి. ఆ కథ మమ్ము మిక్కిలి కదలించినది గనుక కొంచెము విపులముగా వ్రాయుదుము.

పిఠాపురములో దివానుగారి కొలువున నలువదియేండ్ల బంట్రోతు ఒకడుండెను. దివానుగారి కుమార్తెయు అల్లుడును బరంపురమున కాపురముండిరి. ఆ కుమార్తె 1936లో బంట్రోతువద్ద నూటికి పదునెనిమిది వడ్డీకి మూడు వేల రూపాయలు అప్పు తీసికొనెను. 1937 మార్చి 20వ తేదీన అతనికొక యుత్తరము వచ్చినది. దానిలో చేవ్రాలు లేదు. అతడు దానిని భార్యకు చూపి, బాకీ తీసికొనుటకు బరంపురము రమ్మని అమ్మగారు వ్రాసినారనియు, పోయి వచ్చెద ననియు చెప్పెను. మరునాడు రైలుకు బయలుదేరెను. అటు రెండు దినములకు, 23వ తేదీ మధ్యాహ్నము, పురీ స్టేషనులో మూడవ తరగతి పెట్టెలో ఎవరును తీసికొనని యినుపపెట్టె యొకటి దొరికినది. అందులో ఏడు తునుకలుగా ఒక మనుష్యుని శరీరము. కొన్ని దినములకు భార్య వచ్చి తన భర్తయే యని గుర్తించెను.

ఆ యింటిలో ఏమి జరిగినదో చూచినవారెవరును సాక్ష్యము చెప్పలేదు. ఇనుపపెట్టె ఎవరు కొనిరి, జట్కాలో స్టేషనుకు ఎట్లు పోయినది అను నవి యొక్కొక్కటి కూడగట్టిరి. కాని ఆ మనుష్యుడు అసలు బరంపురమునకే పోయెనని, అందులకు ఆ యింటివారే కారణమని చెప్పునది ఎవరు? భార్య. ఆమెకు తెలిసినది భర్త నోటిమాట మాత్రమే. అది వినికిడియే గదా యని ముద్దాయి పక్షమువారు వాదించిరి. మరణవాంగ్మూలమనగా చావబోవునని తెలిసి చెప్పినది. ఇతడు రైలెక్కుటకు ముందు నిశ్చింతగా చెప్పినది ఎట్లు పనికివచ్చుననిరి. ప్రీవీ కౌన్సిలు 1939 జనవరిలో తీర్పు చెప్పినది. లార్డు ఆట్కిను వ్రాసిన ఆ తీర్పులో, మన 1872 నాటి సాక్ష్యచట్టము ప్రకారము మృతుడు తన మరణమునకు దారితీసిన వ్యవహారమునకు సంబంధించి చెప్పిన మాట, చెప్పునప్పుడు ప్రాణభయము లేకున్నను, సాక్ష్యమగునని తేల్చిరి. వట్టి యనుమానముగాని, సామాన్యమైన భయముగాని చాలదు. మరణముతో దగ్గరి సంబంధ ముండవలెను. ఎక్కడికి పోవుచున్నాడో, ఎవరు పిలిచిరో చెప్పిన మాట కట్టిదని వారి యభిప్రాయము. ముద్దాయి పోలీసులకు చెప్పిన మాటలను మాత్రము తీసివేసిరి. అయినను మిగిలిన సాక్ష్యము చాలునని అప్పీలు కొట్టివేసిరి. అతనికి పడినది ఉరిశిక్ష.

బయలుదేరునప్పుడు మగవారు ఎన్నియో చెప్పిపోవుదురు. మనము పొయ్యిమీది పాలు చూచుకొనుచు ఊకొట్టుదుము. ఆ పిఠాపురపు స్త్రీ మాత్రము విన్నమాటను విన్నట్లే చెప్పినది. ఉత్తరములో చేవ్రాలున్నదని గాని, తనకు ముందే యనుమానము కలిగినదని గాని కల్పించి చేర్చియుండినచో వకీళ్లు ఆమెను ముక్కలు ముక్కలుగా విరిచియుందురు. ఆ రాత్రి మేము నిద్రపోక ఆలోచించినది దీనినిగూర్చియే. ఆమె మాటకు బలము అది కొంచెముగా నుండుటవలన వచ్చినది. మా మాట పెరిగి పెరిగి బలహీనమైనది.

మరునాడు పొరుగింటి వదినగారు వచ్చిరి. "వాడు స్టేషనులో అంతయు ఒప్పుకొన్నాడట. ఇంక మీ రిద్దరు నిలుచుండి ఔనన్న చాలును" అనిరి. పెదమామగారు గౌరవముగానే బదులు చెప్పిరి. పోలీసు అధికారికి ముద్దాయి ఒప్పుకొన్నది న్యాయస్థానమున చెల్లదు. ఒక్క మినహాయింపు కలదు: అతడు చెప్పిన దానివలన ఏదైన వస్తువు దొరికినచో ఆ దొరుకుటకు సంబంధించినంత మాట చెల్లును. గుంటూరు జిల్లాలోని పక్షముల తగాదా హత్యలలో పుట్టిన పులుకూరి కొట్టయ్య కేసున, ప్రీవీ కౌన్సిలు 1946 డిసెంబరులో దీనికి హద్దు గీసినది. ఒకడు, మేమందరము కొట్టి చంపితిమనియు, బల్లెమును ఫలానావారి గడ్డివామిలో దాచితిననియు, వచ్చిన చూపుదుననియు చెప్పెను. వామిలో దాచితిని, చూపుదును అన్నంతమట్టుకే చెల్లునని తీర్పు. తక్కిన కథ యంతయు కొట్టివేయవలసినదే. కొట్టి ఒప్పించు అవకాశము చేతిలో నున్నవారికి ఒప్పుదలను సాక్ష్యముగా వాడుకొను హక్కుకూడ ఇచ్చినచో పరిశోధన యెవరు చేయుదురని దీని తాత్పర్యము. మా కేసులో గొలుసు దొరకలేదు. వదినగారు విని, "అట్లయిన దొంగలకే చట్టము" అని లేచిపోయిరి. ఆమె గొలుసు పోయినది. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు.

ఆ 1872 నాటి చట్టము ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. సెక్షన్ల సంఖ్యలు మారినవి గాని ఈ నియమములు అందును నిలిచియే యున్నవి.

విచారణదినమున ఇరువురిని ఒకేసారి లోనికి పిలువలేదు. ఒకరు చెప్పునప్పుడు రెండవవారు బయట వసారాలో కూర్చుండవలెను. పెదమామగారి రెండు గదుల పరీక్ష యెందులకో అప్పుడు తెలిసినది. ప్రమాణము చేసిన పిదప ప్రభుత్వపక్షపు న్యాయవాది, "ఆ రాత్రి గోడ దుమికినవానిని గుర్తించితిరి గదా?" అని యడిగిరి. మనిషిని చూచితిమి, ముఖము చూడలేదని పెద్దది చెప్పెను. ఆయన కాగితములు మరల త్రిప్పి చూచి, "అతడే అని పోలీసులకు చెప్పితిరి గదా?" అనిరి. చెప్పితిమి, చూచి చెప్పలేదు, అనుకొని చెప్పితిమి. ఈ మాట చెప్పునప్పుడు ఆమె చేతులు బోను కొయ్యను గట్టిగా పట్టుకొన్నవట. ఒక గడియకు చిన్నదియు అదే మాట చెప్పెను. మమ్ము ప్రతికూల సాక్షులుగా ప్రకటించి, ప్రభుత్వ న్యాయవాదియే మమ్ము ఎదురు ప్రశ్నలడుగుటకు అనుమతి పొందిరి. ముద్దాయివారు మీకేమి యిచ్చిరి? ఎవరు బెదిరించిరి? నిండు సభలో, మగవారి నడుమ, ఆ ప్రశ్న వినవలసివచ్చునని మేము అనుకొనలేదు. అడుగుట ఆయన విధి. కేసు ఆయన చేతిలో చెదరిపోవుచున్నది. సిగ్గు మాత్రము మాది. ఏడాది క్రిందట కుళాయి దగ్గర ఒక్క మాట తగ్గించి యాడియుండిన నిది యేదియు లేకపోవును.

ముద్దాయి పక్షపు వకీలు మమ్ము ఒక్క ప్రశ్నయే యడిగిరి: ఆ రాత్రి వెన్నెల కలదా? లేదంటిమి.

కుర్రవాడు విడుదలయ్యెను. అతడు దొంగిలించినాడో లేదో మాకు నేటికిని తెలియదు. ఇద్దరు సాక్షులుండియు కేసు పోయెనని వీథిలో ఆశ్చర్యపడిరి. చట్టము ఇంతమంది సాక్షులు కావలెనని లెక్క పెట్టదు. నమ్మదగిన వాడొకడున్న చాలును. మేమిరువురము కలిసి ఆ ఒక్కడు కాలేకపోతిమి.

వదినగారు మా వాకిటనే నిలుచుండి అన్న మాట యొకటి మాత్రము నాటుకొన్నది. "గుంతకల్లు హంపన్న ముక్కు మొగము తెలియని ఇద్దరు ఆడవాండ్ల కోసము ప్రాణమిచ్చినాడు. మీరు పొరుగుదానికి ఒక్క మాట ఇయ్యలేకపోతిరి." మా సీమలో హంపన్న కథ యెరుగని యిల్లు లేదు. 1893 అక్టోబరులో తెల్లసోల్జర్లు ఇద్దరు స్త్రీలను తరుముచుండగా రైల్వేగేటు కావలియైన హంపన్న వారి కడ్డము నిలిచి, తుపాకి దెబ్బ తిని చనిపోయెను. గుత్తి వకీలు కేశవపిళ్లెగారు ఆ యన్యాయమును లోకమునకు చాటిరి. మద్రాసు హైకోర్టున విచారణ జరిగి ముద్దాయి సోల్జరు విడుదలయ్యెను. ఆమె మాటకు ఆనాడు బదులు తోచలేదు. తరువాత తోచినది: హంపన్న తన ప్రాణమిచ్చెను, మమ్ము అడిగినది మరియొకరి బ్రదుకు. కాని యీ మాట ఆమెతో ఆడుటకు సమయము దొరకలేదు. ఆమె మాతో పలుకుట మానిరి. మరియు హంపన్న విషయములో దోషి తప్పించుకొనెనని మనమందరము నమ్ముదుము. మా విషయములో కూడ అట్లే జరిగియుండవచ్చునను తలపు మమ్ము పూర్తిగా విడువలేదు.

విడుదలైన వారమున కుర్రవాని తల్లి చీరకొంగున పచ్చి శెనక్కాయలు మూట కట్టుకొని వచ్చెను. గడపలో నిలుచుండి లోనికి రాలేదు. తీసికొనవలెనా, వలదా? ఎవరేమి యిచ్చిరని సభలో నడిగిన ప్రశ్న మా చెవులలో నింకను మ్రోగుచుండెను. "నీ కొడుకు చేయలేదని మేము చెప్పలేదు. మేము చూడలేదని చెప్పితిమి, అంతే" అని పెద్దది అనెను. "అంతే సాలమ్మా. ముందే ఆ మాట సెప్పింటే బాగుండె" అని ఆమె మూటను గడపమీద పెట్టి పోయెను.

ఆ యేడు వేసవి వచ్చునప్పటికి పొరుగింటివారు పెరటిగోడమీద పెద్ద దీపము పెట్టించిరి. కరెంటు పోయినను వెలుగునది. దాని వెలుతురు మా మిద్దెమీదికి కూడ వచ్చును. గోడమీద పిల్లి నడచినను మీసములు కనబడును. ఆ వెలుగులో మాకు నిద్ర పట్టక చాపలను నీళ్లతొట్టి చాటునకు జరుపుకొంటిమి. వదినగారిని దీపము కొంచెము అటు త్రిప్పింపుడని అడుగవలెనని ప్రతిరాత్రియు అనుకొందుము. ఇంకను అడుగలేదు.